బొమ్మలో లేనివాళ్లు: ఎలీజా క్రషిన్‌స్కా చిత్రం గురించి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోంది కదా? ముందు వరస లైట్లు కొంచెం తగ్గించండి, తెర మీద బొమ్మ తేటగా కనబడుతుంది. చాలు, చాలు.

ఇది 1853లో వేసిన ఆయిల్ పెయింటింగ్. వేసినాయన ఫ్రాన్స్ క్సావర్ వింటర్‌హాల్టర్ అని ఒక జర్మన్, ఆ రోజుల్లో యూరప్‌లో రాణులూ మహారాణులూ ఆయన చేత బొమ్మ వేయించుకోవడానికి వరస కట్టేవారు. బొమ్మలో ఉన్నావిడ ఎలీజా క్రషిన్‌స్కా, పోలిష్ కౌంటెస్, పుట్టింటివాళ్లు బ్రానిత్‌స్కీలు. అక్కడ మగవాళ్ల ఇంటిపేరు స్కీ అని వస్తే ఆడవాళ్లకి స్కా అని వస్తుంది, అంతే, అయోమయపడకండి. ఇప్పుడీ బొమ్మ వార్సాలో నేషనల్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది.

తల్లీ పిల్లలూ. చూడగానే ఎవరైనా ఏమంటారు? ఎంత బాగుందో, ఆ బట్టలు చూడండి, ఆ చర్మం చూడండి అంటారు. అనాలి కూడా, ఆయన వేసిందే అందుకు. నేను మాత్రం ఇవాళ ఈ బొమ్మలో ఉన్నవాళ్ల గురించి తక్కువా, లేనివాళ్ల గురించి ఎక్కువా మాట్లాడతాను. మొట్టమొదట, పిల్లల తండ్రి లేడు. తల్లీ పిల్లల బొమ్మ విడిగా వేయించుకోవడం అప్పట్లో మామూలే కాబట్టి అదొక్కటీ పట్టుకుని కథ అల్లేయకూడదనుకోండి. కానీ ఈ ఇంటి సంగతులు తెలిశాక తండ్రి ఒక్కడే కాదు, చాలామంది లేరని అర్థమవుతుంది. ముఖ్యంగా ఇద్దరు తాతలు. మొదలుపెట్టాల్సింది కూడా తాతల దగ్గరే.

ఎలీజా తండ్రికి తండ్రి ఫ్రాన్‌చిషెక్ క్సవేరీ బ్రానిత్‌స్కీ. సేనాధిపతి. మహా దూకుడు మనిషి. 1766లో వార్సాలో ఒక నాట్యగత్తె విషయంలో మాటా మాటా పెరిగి కసనోవాతో పిస్తోలు ద్వంద్వయుద్ధం చేశాడు. అవును, ప్రేమకలాపాలకి పేరుమోసిన ఆ ఇటలీ కసనోవాయే. ఇద్దరికీ గాయాలయ్యాయి, ఇద్దరూ బతికారు. (నవ్వులు) ఈయన 1781లో పెళ్లి చేసుకున్నది అలెగ్జాండ్రా ఎంగెల్‌హార్ట్‌ని, అంటే రష్యా చక్రవర్తిని కేథరిన్ దగ్గర చక్రం తిప్పిన పొతెమ్కిన్ మేనకోడలిని. 1791లో పొతెమ్కిన్ దారిలో, మైదానంలో ప్రాణం వదిలినప్పుడు పక్కన ఉన్నది ఆవిడే. ఈ పెళ్లితో బ్రానిత్‌స్కీలకి రష్యా దర్బారు దన్ను, లెక్కలేనంత ఆస్తి. ఉక్రెయిన్‌లో కీవ్‌కి దక్షిణాన బీలా త్సెర్క్వా చుట్టుపక్కల భూములన్నీ వాళ్లవే, ఆ భూముల్లో పనిచేసే రైతులు కూడా వాళ్ల సొత్తే. రష్యా సామ్రాజ్యంలో 1861 దాకా అర్ధబానిసత్వం నడిచింది కాబట్టి రైతుని భూమితో పాటు లెక్కవేసేవారు. ఆవిడ పేరు మీద వేసిన అలెగ్జాండ్రియా అనే తోట అక్కడ ఇప్పటికీ ఉంది. బొమ్మలోని పట్టూ లేసూ మాట్లాడేటప్పుడు ఆ రైతుల్ని కూడా లేనివాళ్ల లెక్కలో రాసుకోండి.

ఇక రెండో తాత, తల్లికి తండ్రి, ష్చెన్స్నీ పొతొత్‌స్కీ. ఈయనా ఉక్రెయిన్ వైపు మహా జమీందారే.

1791 మే 3న పోలండ్ ఒక కొత్త రాజ్యాంగం రాసుకుంది. పెద్ద పెద్ద ప్రభువుల పెత్తనానికి కొంత కళ్లెం వేసే రాజ్యాంగం. ఈ ఇద్దరు తాతలకీ, ఇంకొందరికీ అది మింగుడుపడలేదు. 1792లో తార్గొవిత్సా కూటమి అని ఒకటి పెట్టి, మా పాత హక్కులు కాపాడండి తల్లీ అని కేథరిన్‌ని పిలిచారు. పిలిస్తే ఊరికే వస్తుందా? సైన్యంతో వచ్చింది. మర్నాటి ఏడాది దేశంలో పెద్ద ముక్క పోయింది, 1795కల్లా పోలండ్ అన్నది మ్యాపులోనే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి. మళ్లీ 1918 దాకా ఆ దేశం లేదు. ఇప్పటికీ పోలండ్‌లో ఒకణ్ని ద్రోహి అని తిట్టాలంటే తార్గొవిత్సా అంటే చాలు.

మధ్యలో 1794లో రష్యా మీద కొష్చూష్కో అనే సేనాని నడిపిన తిరుగుబాటు. వార్సా కొన్నాళ్లు తిరుగుబాటుదారుల చేతిలో ఉంది. రష్యాతో చేతులు కలిపినవాళ్లలో దొరికిన నలుగురిని మే 9న నిజంగానే ఉరి తీశారు, అందులో ఒక బిషప్ కూడా ఉన్నాడు. మన తాతలిద్దరూ దొరకలేదు. దొరక్కపోతే వదిలేస్తారా? కోర్టు మరణశిక్ష వేసింది. సెప్టెంబరు 29న పాతబస్తీ బజారు చౌకులో ఉరికొయ్య పాతి, జనం చూస్తుండగా వాళ్ల బొమ్మల్ని ఉరి తీశారు. దిష్టిబొమ్మలు కావు, పోర్ట్రెయిట్లు. మొహం గుర్తుపట్టేలా గీసిన బొమ్మలు.

ఇది నేను అలంకారంగా చెప్పడం లేదండి, తర్వాతి స్లయిడ్ వేయండి. ఇది నోర్బ్లాన్ అనే చిత్రకారుడు వేసింది. ఫ్రాన్స్‌లో పుట్టి 1774లో పోలండ్ వచ్చి, ప్రభువుల కొలువులో చిత్రకారుడిగా స్థిరపడ్డాడు. చుట్టూ పాతబస్తీ మేడలు, మధ్యలో కిక్కిరిసిన జనం, వాళ్ల తలల పైన ఉరికొయ్య. దానికి వేలాడుతున్నవి మనుషులు కాదు, బొమ్మలు. గొడవలోకి దిగి వేసినట్టుంటుంది, తీరిగ్గా కూర్చుని వేసినట్టుండదు.

ఆ ఉరికొయ్యకి వేలాడిన ఇద్దరి మనవరాలు ఈవిడ. ఒకరివైపు నుంచి కాదు, అమ్మవైపూ నాన్నవైపూ కూడా. 1820లో పుట్టింది కాబట్టి వాళ్లని ఆవిడ చూసింది లేదు. చేసిందీ ఏమీ లేదు. కానీ అరవై ఏళ్లు తిరక్కుండా ఆ కుటుంబం మళ్లీ బొమ్మ వేయించుకుంటోంది, అదీ యూరప్‌లోకెల్లా ఖరీదైన చిత్రకారుల్లో ఒకరి చేత. మర్యాదస్తుల కుటుంబం, చక్కటి తల్లి, చక్కటి పిల్లలు. ఇలాంటి బొమ్మ ఎందుకు వేయించుకుంటారు అంటే, డబ్బుంది కాబట్టి అనేది ఒక జవాబు. నా మటుకు నాకు అది సగం జవాబే. ఈ కుటుంబాలకి మొహం చూపించుకోవడం అనేది ఒక పనిగా మారింది, ఆ పనికి వింటర్‌హాల్టర్‌ని మించినవాడు లేడు.

ఇప్పుడు మొగుడి సంగతి. జిగ్మున్ట్ క్రషిన్‌స్కీ, 1812లో పుట్టాడు. మిత్స్‌క్యేవిచ్, స్వొవాత్‌స్కీ, ఈయన, ముగ్గురినీ కలిపి పోలండ్ వాళ్లు మహాకవులుగా కొలుస్తారు. పుస్తకాల మీద తన పేరు వేసుకోలేదు. ఒక పుస్తకమైతే స్నేహితుడి పేరుతో వచ్చింది. ఎందుకంటే తండ్రి విన్‌త్సెంతీ క్రషిన్‌స్కీ. ఆయన నెపోలియన్ గార్డులో పోలిష్ గుర్రపుదళానికి నాయకుడు, ఒకప్పటి వీరుడే, తర్వాత జారు చక్రవర్తికి పూర్తిగా లొంగిపోయాడు. 1828లో దేశభక్తుల సంఘం మీద నడిచిన రాజద్రోహం విచారణలో తోటి జడ్జీలు అది రాజద్రోహం కాదని తీర్పిస్తే, ఈయన ఒక్కడూ ఎదురు ఓటు వేశాడు. మరుసటి ఏడాది ఆ కోర్టు అధ్యక్షుడు పోతే వార్సా యూనివర్సిటీ కుర్రాళ్లంతా క్లాసులు మానేసి శవయాత్రకి వెళ్లారు. జిగ్మున్ట్‌కి పదిహేడేళ్లు. నువ్వు క్లాసుకే వెళ్లు అన్నాడు తండ్రి. వెళ్లాడు. తర్వాత తోటి విద్యార్థులు అందరి ముందూ అవమానించారు, ఇక ఆ ఊళ్లో చదువు సాగలేదు, జెనీవా పంపేశారు. తండ్రిని ప్రేమించాడు, తండ్రిని చూసి సిగ్గుపడ్డాడు, తండ్రి మాట మాత్రం దాటలేదు. ఆ ఒక్క వాక్యంలో ఆయన జీవితం సగం అయిపోతుంది.

ఇరవై ఒకటో ఏట ఆయన రాసిన నాటకం ఒకటుంది, నియె బోస్కా కొమెదియా, అంటే దైవికం కాని కామెడీ, 1835లో పారిస్‌లో అచ్చయింది. ప్రభువులకీ తిరగబడ్డ జనానికీ జరిగే పోరాటం అందులో పెద్ద కథ. కానీ మొదటి అంకాలు చూడండి. హెన్రిక్ అనే కౌంట్, కవి, మంచి అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడు. ఇంట్లో ఉండలేడు. ఊహాసుందరి ఒకతె పిలిస్తే పెళ్లాన్నీ పసిబిడ్డనీ వదిలి ఆమె వెంట పోతాడు. పెళ్లాం పిచ్చిదై చచ్చిపోతుంది. రాసిన పదేళ్లకి ఇంచుమించు అదే తప్పుని స్వయంగా చేసి చూపించాడు కవిగారు. ఇంత స్పష్టంగా ముందే రాసిపెట్టుకుని కూడా! కవుల గురించి ఇంతకంటే ఏమీ అనను, ఇక్కడ ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు. (నవ్వులు)

1838 డిసెంబరులో నేపుల్స్‌లో ఆయనకి దెల్ఫీనా పొతొత్‌స్కా పరిచయమైంది. ఆయన కంటే ఐదేళ్లు పెద్దది, అందగత్తె, గొప్ప గాయని, పెళ్లయి మొగుడితో విడిగా ఉంటోంది. పోలిష్ సంగీతకారుడు షోపాన్ తన రెండో పియానో కచేరీ రచనని ఆవిడకే అంకితం ఇచ్చాడు, తర్వాత ఒక వాల్ట్జ్ కూడా, అదే అందరికీ తెలిసిన చిన్న వాల్ట్జ్. 1849 అక్టోబరులో షోపాన్ చావుబతుకుల్లో ఉన్నాడని తెలిసి పారిస్ వచ్చింది, పియానోని ఆయన గది గుమ్మం దాకా జరిపించి పాడింది. ఏం పాడిందన్నదాని మీద అక్కడున్నవాళ్లే ఒకరికొకరు పొంతన లేకుండా చెప్పారు. రెండురోజుల్లో, 17న, ఆయన పోయాడు. ఇంకో వందేళ్లకి కూడా ఈవిడ పేరు వదల్లేదు. 1945లో పోలండ్‌లో ఒకామె షోపాన్ దెల్ఫీనాకి రాసిన ప్రేమలేఖలు నా దగ్గరున్నాయంది, భలే ఘాటు ఉత్తరాలు, అసలు ప్రతులు మాత్రం ఎవరికీ చూపించలేదు. దొంగ ఉత్తరాలనే నిపుణులు చాలామంది తేల్చారు.

జిగ్మున్ట్ ఆవిడకి రాసినవి మాత్రం దొంగవి కావు. వందల ఉత్తరాలు. 1975లో అచ్చువేస్తే మూడు లావుపాటి సంపుటాలైంది.

అలాంటి మనిషికి తండ్రి సంబంధం చూశాడు, బ్రానిత్‌స్కీల పిల్ల ఎలీజా. ఆస్తి, హోదా, రష్యా దర్బారులో మంచిపేరు, అన్నీ కుదిరాయి. పిల్లాడికి ఇష్టం లేదు. 1843 జులై 26న డ్రెస్డెన్‌లో పెళ్లయిపోయింది. పెళ్లికానుకగా తండ్రి ఒపినొగూరాలో చిన్న కోటలాంటి ఇల్లు ఇచ్చాడు, ఇప్పుడది రొమాంటిసిజం మ్యూజియం. అదే 1843లో దెల్ఫీనాకి అంకితమిచ్చిన కావ్యం కూడా అచ్చయింది, అదే స్నేహితుడి పేరుతో. అందులో ఆవిడ బెయాత్రిచె. ఇటలీ మహాకవి డాంటే కావ్యంలో ఆయన ప్రేయసి బెయాత్రిచెలాగా. 1850లో ఎలీజాకీ జిగ్మున్ట్‌కీ పుట్టిన కూతురి పేరు మరియా బెయాత్రిక్స్. నేనేమీ అనడం లేదు, పేరు చెప్పాను, అంతే.

ఇక్కడ ఒక సంగతి ఉంది, పుస్తకాల్లో ఒక ముక్కలో చెప్పి వెళ్లిపోతారు. మన తెలుగువాళ్లకైతే అసలు అదే ముందు తగులుతుంది. దెల్ఫీనా మొగుడు మియెచిస్వాఫ్ పొతొత్‌స్కీ ఎవరు? ష్చెన్స్నీ పొతొత్‌స్కీ కొడుకు. ఎలీజా తల్లి రూజా ఎవరు? అదే ష్చెన్స్నీ పొతొత్‌స్కీ కూతురు. తల్లులు వేరు, తండ్రి ఒకడు. అంటే మియెచిస్వాఫ్ ఎలీజాకి మేనమామ. దెల్ఫీనా మేనమామ భార్య, అత్తయ్య! మొగుడి ప్రేయసి పరాయి మనిషి కాదు, వరసకి అత్తయ్య. మన పెళ్లిళ్లలో ఇలాంటి సంగతి బయటపడితే ఎంత రభస అవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ ఎవరూ అరవలేదు. అందరూ ఫ్రెంచిలో ఉత్తరాలు రాసుకున్నారు.

పారిస్‌లో పేరుమోసిన ముగ్గురు చిత్రకారులకి ఈ ముగ్గురి మొహాలూ దొరికాయి. దెల్ఫీనాని 1849లో పాల్ దెలరోష్ వేశాడు. జిగ్మున్ట్‌ని 1850లో ఆరీ షెఫర్ వేశాడు. ఎలీజాని 1853లో వింటర్‌హాల్టర్. నాలుగేళ్ల వ్యవధిలో ముగ్గురూ ముగ్గురి దగ్గర. షెఫర్ ఆత్మల చిత్రకారుడు, ఆయన వేస్తే ఎవరైనా ఏదో బాధలో ఉన్న మహానుభావుడిలా కనబడతారు, కవికి సరిగ్గా సరిపోయాడు. దెలరోష్ చరిత్రలోని విషాద ఘట్టాలు వేసి పేరు తెచ్చుకున్నవాడు. భార్యకి వచ్చేసరికి వింటర్‌హాల్టర్, అంటే కుటుంబం, పరువు, వారసులు. ఎవరికి ఎవర్ని ఎంచుకున్నారో చూడండి, ఆ ఎంపికలోనే సగం సంగతి ఉంది.

వింటర్‌హాల్టర్ గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే కళావిమర్శకులు ఈయన్ని భజనపరుడని తీసిపారేస్తుంటారు, నాకది నచ్చదు. 1805లో జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లో మెన్సెన్‌ష్వాండ్ అనే కొండపల్లెలో రైతు కొడుకుగా పుట్టాడు. పదమూడేళ్లకే ఇల్లు వదిలి అచ్చుబొమ్మల పని నేర్చుకోవడానికి వెళ్లాడు. తర్వాత మ్యూనిక్, 1834లో పారిస్. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ కుటుంబాన్ని వేశాడు. 1842 నుంచి విక్టోరియా రాణి, ఆవిడ కుటుంబానికే వందకు పైగా బొమ్మలు వేశాడు. 1848 విప్లవంలో లూయీ ఫిలిప్ గద్దె దిగిపోయాడు, అయినా ఈయనకి పని ఆగలేదు, 1853లో కొత్త చక్రవర్తి మూడో నెపోలియన్‌కీ భార్య యూజెనీకీ అధికారిక చిత్రాలు వేసింది ఈయనే. అదే ఏడాది మన ఎలీజా బొమ్మ. ఆ ఏడాది ఆయన చేత వేయించుకోవడమంటే మహారాణి పక్క కుర్చీలో కూర్చున్నట్టు.

పనితనం చూడాలంటే ఆయన బొమ్మలు వేటికైనా దగ్గరగా వెళ్లాలి, గార్డు ఊరుకున్నంత దగ్గరగా. దూరం నుంచి శాటిన్ లాగా, చేత్తో పట్టుకుంటే జారిపోయేలాగా ఉంటుంది. దగ్గరికి వెళ్తే శాటినూ లేదు ఏమీ లేదు, పొడుగాటి బ్రష్ గీతలు. ముందు మధ్యరకం రంగు పరిచి, అది ఆరకముందే మడతల్లో ముదురు రంగు లాగి, చివర్లో మడత విరిగే చోట చిక్కటి తెల్ల రంగు ఒక్క వేటుతో పెడతాడు. ఆ తెలుపు ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య, ఒక వేలెడు ఎక్కువ లాగితే శాటిన్ కాస్తా రేకు అయిపోతుంది. లేసు కూడా అంతే, అల్లిక ఎక్కడా గీయడు, పల్చటి తెలుపు తాకించి వదిలేస్తాడు, మన కన్నే అల్లుకుంటుంది. మొహం, భుజాలు మాత్రం గీత కనబడకుండా నున్నగా కలిపేస్తాడు. పెద్దగా ముందస్తు స్కెచ్‌లు లేకుండా నేరుగా కాన్వాస్ మీదే వేసేవాడంటారు. అంత వేగం భజన చేస్తే రాదండి.

లోపం లేదా? ఉంది. ఆయన మొహాలు దాచిపెడతాయి. చూస్తే ఈ మనిషికి ఏ దిగులూ లేదనిపిస్తుంది. కానీ డబ్బిచ్చినవాళ్లు అడిగిందే అది.

ఇంకో చిన్న పక్కదారి, మనకి సంబంధం ఉంది కాబట్టి. మరుసటి ఏడాది 1854లో వింటర్‌హాల్టర్ ఎలీజా చెల్లెలు కతజీనా పొతొత్‌స్కాని వేశాడు. అదే 1854 జులైలో లండన్‌లో విక్టోరియా కోసం పంజాబ్ మహారాజు దులీప్ సింగ్‌ని వేశాడు. పదిహేనేళ్ల కుర్రాడు. 1849లో రాజ్యమూ పోయింది, కోహినూరూ పోయింది. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో బొమ్మ కోసం నిలబడే రోజుల్లోనే విక్టోరియా ఆ వజ్రం తెప్పించి కుర్రాడి చేతిలో పెట్టింది. అప్పటికే దాన్ని మళ్లీ కోసి 186 క్యారెట్లది 105 చేశారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చాలాసేపు తిప్పి తిప్పి చూసి, తిరిగి ఆవిడ చేతికే ఇచ్చేశాడు, వేరే దారేముంది. కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే రాయి అది, ఆ గనులేమో ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద. బొమ్మలో దులీప్ సింగ్ నగలన్నీ పెట్టుకుని రాజులాగే ఉంటాడు, మెడలో మాత్రం విక్టోరియా రాణి చిన్న చిత్రం. చూశారా, దేశం పోయిన పంజాబు కుర్రాడూ, దేశం పోయిన పోలండు ఆడవాళ్లూ ఏడాది తేడాలో ఒకే చిత్రకారుడి ముందు. ఆయన అందరినీ ఒకేలా మెరిపించాడు. ఒక తేడా ఉంది, దులీప్ సింగ్ దేశాన్ని వేరేవాళ్లు లాక్కున్నారు, ఎలీజా తాతలు పిలిచి ఇచ్చారు.

అయితే ఎలీజాని మనం ఏమనుకోవాలి? కవి జీవితచరిత్రల్లో చాలాకాలం ఆవిడ ఓపిక గల భార్య, అంతే. ఎవరికీ అంతకంటే అవసరం పడలేదు. ఆవిడ ఉత్తరాలు 1990లలో సంపుటాలుగా వచ్చాక తెలిసింది, ఆవిడకి కళ్లూ చెవులూ ఉన్నాయని, తను చూసిన కాలం గురించి చెప్పేందుకు చాలా ఉందని. బొమ్మలు కూడా వేసేది, నీటిరంగులతో. అంటే వింటర్‌హాల్టర్ ముందు కూర్చున్నావిడకి ఆయన చేసేదేమిటో తెలుసు. నాకు ఈ సంగతి తెలిశాక ఆ మొహం మీద ఉన్న నెమ్మదితనం వేరేలా కనబడింది. ఇది నా ఊహ, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

నాలుగో బిడ్డ, చిన్న ఎలీజా, ఈ బొమ్మ వేసిన ఏడాదే పుట్టింది. 1857లో పోయింది. 1858 నవంబరులో మామగారు పోయారు. మూడు నెలలకే, 1859 ఫిబ్రవరి 23న, పారిస్‌లో జిగ్మున్ట్ కూడా పోయాడు. నలభై ఏడేళ్లు. తండ్రి మాట కింద బతికినవాడు తండ్రి లేకుండా మూడు నెలలు ఉన్నాడు. చివరి ఏళ్లలో భార్య విలువ తెలిసి ఆమె మీద పద్యాలు రాశాడు. మంచిదే, కానీ మూడు సంపుటాల పక్కన అవెంత?

ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. 1860లో మళ్లీ పెళ్లి చేసుకుంది, మొగుడి జ్ఞాతి లుద్విక్ క్రషిన్‌స్కీని, తన కంటే పదమూడేళ్లు చిన్నవాణ్ని. అతను కవి కాదు, వ్యాపారం తెలిసినవాడు. చాలామంది గుసగుసలాడి ఉంటారు, నేనైతే చప్పట్లు కొడతాను. (నవ్వులు)

తర్వాతి ఏడాదే వార్సాలో గొడవ. 1861 ఫిబ్రవరి 27న రష్యన్ సైన్యం ఊరేగింపు మీద కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు, ఆర్చిబిషప్ దేశమంతా సంతాపం పాటించమన్నాడు. ఆడవాళ్లు రంగుల పట్టుబట్టలు పెట్టెల్లో పెట్టేసి నల్లబట్టలు కట్టారు, నగలు కూడా నల్లవే, సంకెళ్ల లాంటి గొలుసులు, ముళ్లకిరీటం బ్రోచీలు, శిలువలు. నల్లబట్టలు కడితే జరిమానాలు వేసింది సర్కారు, అయినా మానలేదు, ఐదేళ్లు నడిచింది. అందుకని 1853 నాటి ఇలాంటి పట్టుబట్టల బొమ్మలు పదేళ్లు తిరిగేసరికే వేరే యుగానివిగా కనబడి ఉంటాయి. ఇలాంటి ఇళ్లలో గోడ మీద పట్టు, ఒంటి మీద నలుపు.

పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను. పెద్దకొడుకు వ్వదిస్వాఫ్ ఎవర్ని పెళ్లి చేసుకున్నాడు? కతజీనా కూతురు రూజాని. అంటే సొంత పిన్ని కూతురిని! మనకైతే చెల్లెలు, నోరు నొక్కుకుంటాం. అక్కడ ఆస్తి బయటికి పోకుండా ఇలాంటివి బాగానే జరిగేవి. అతను 1873లో పోయాడు. చెల్లెలు మరియా బెయాత్రిక్స్ ఎడ్వర్డ్ రచీన్‌స్కీ అనే కౌంట్‌ని చేసుకుంది, 1884లో ఆవిడా పోయింది. ఆ ఎడ్వర్డ్ తర్వాత ఎవర్ని చేసుకున్నాడంటే, వ్వదిస్వాఫ్ భార్య రూజాని. అంటే చనిపోయిన భార్య వదినగారిని. వాళ్ల కొడుకు, పేరు మళ్లీ ఎడ్వర్డే, రెండో ప్రపంచయుద్ధంలో లండన్‌లో పోలండ్ రాయబారి, నాజీలు యూదుల్ని మూకుమ్మడిగా చంపుతున్నారని 1942 డిసెంబరులో మిత్రరాజ్యాల ప్రభుత్వాలకి అధికారికంగా లేఖ రాసింది ఆయనే. 1979 నుంచి 1986 దాకా ప్రవాస పోలండ్ ప్రభుత్వానికి అధ్యక్షుడు. 1993లో నూరేళ్లు దాటాక పోయాడు. ఉరికొయ్యకి బొమ్మ వేలాడిన మనిషి వంశంలో ఈయన. వంశాన్ని బట్టి మనిషిని తూచేవాళ్లకి ఈ కుటుంబం చాలా ఇబ్బంది పెడుతుంది.

వార్సాలో క్రషిన్‌స్కీలకి ఒక గొప్ప లైబ్రరీ ఉండేది. 1944లో తిరుగుబాటు అణిచాక జర్మన్లు పనిగట్టుకుని తగలబెట్టారు. కవి రాతప్రతులు, కుటుంబ కాగితాలు, ఇతర లైబ్రరీల నుంచి భద్రం కోసం తెచ్చిపెట్టినవి కూడా, చాలామటుకు బూడిద. అందుకే ఈ కుటుంబం గురించి రాసేవాళ్లకి బొమ్మలు అంత ముఖ్యమైపోయాయి, కాగితం పోయిన చోట గుడ్డ మిగిలింది. మిగిలిన గుడ్డ అన్నీ చెబుతుందనుకుంటే మాత్రం మోసపోతాం.

నాకు ఇచ్చిన టైమ్ అయిపోయింది, ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: దెల్ఫీనా సంగతి ఎలీజాకి తెలుసా అండి?)

తెలుసండి. పెళ్లికి ముందే లోకమంతా తెలుసు, ఈవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది. తెలిసే కాపురం చేసింది. ఎలీజా 1876లో పోయింది, దెల్ఫీనా 1877లో, ఏడాది తేడా. దెల్ఫీనా సమాధి పారిస్ పక్కన మోంమొరాన్సీలో ఉంది, పోలిష్ ప్రవాసులు చాలామంది అక్కడే ఉన్నారు.

(ఇంకొకరు: వార్సా వెళ్తే ఈ బొమ్మ చూడొచ్చా?)

నేషనల్ మ్యూజియంలో అడగాలి. ఇలాంటి మ్యూజియంలలో అన్నీ ఎప్పుడూ గోడ మీద ఉండవు, తిప్పుతుంటారు, బయట ఎగ్జిబిషన్లకి పంపిస్తారు, అందుకని వెళ్లేముందు వెబ్‌సైట్ చూసుకోండి లేదా ఒక మెయిల్ పెట్టండి. అక్కడిదాకా వెళ్లినవాళ్లు పాతబస్తీ చౌకు కూడా చూసి రండి. యుద్ధంలో నేలమట్టమైతే మొత్తం మళ్లీ కట్టారు. నోర్బ్లాన్ బొమ్మ ఫోన్‌లో పెట్టుకుని వెళ్తే ఉరికొయ్య ఉన్న చౌకు అదేనని పోల్చుకోవచ్చు. ఇప్పుడక్కడ కాఫీ ధర మాత్రం కొంచెం ఎక్కువే.